అమెరికా వెళ్తున్నారా? ఇండియాలో ఉన్న బ్యాంకు వడ్డీకి టాక్స్ ఎక్కడ, ఎంత, ఏ వరసలో కట్టాలి

"ఎన్ఆర్ఈ ఎఫ్‌డీ వడ్డీకి టాక్స్ లేదన్నారు కదా, మళ్లీ అమెరికా రిటర్న్‌లో ఎందుకు చూపించాలి?" ఈ ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్కలేదు. ఎన్ఆర్ఈ అంటే బయట సంపాదించి పంపిన డబ్బుని ఇండియాలో దాచుకునే ఖాతా. దాని వడ్డీకి టాక్స్ లేదన్నది ఇండియా మాట, అమెరికా ఎప్పుడూ ఆ మాట అనలేదు. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే కింద రాసిందంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇది హెచ్1బీ, ఎల్1, ఎఫ్1 వీసాల మీద ఇండియా నుంచి అమెరికా వెళ్లేవాళ్ల కోసం, అదీ సేవింగ్స్, ఎఫ్‌డీ వడ్డీ వరకే. మ్యూచువల్ ఫండ్స్ జోలికి పోవట్లేదు, అది ఇంతకన్నా పెద్ద తలనొప్పి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఇండియాలో కొత్త ఇన్‌కమ్ టాక్స్ చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ నంబర్లు మారిపోయాయి కాబట్టి నంబర్లు లేకుండా విషయమే రాస్తున్నా, పాత ఫారం పేర్లు అందరి నోట్లో నానినవి కాబట్టి అవి మాత్రం అలాగే ఉంచా.

## 1. టికెట్ బుక్ చేసే ముందే రోజులు లెక్కపెట్టండి

రెండు దేశాలకీ రెండు కేలండర్లు. ఇండియా లెక్క ఏప్రిల్ 1 నుంచి మార్చి 31, అమెరికాది జనవరి 1 నుంచి డిసెంబర్ 31. ఒక కాగితం మీద రెండు గీతలు గీసి మీ ప్రయాణం తేదీ ఎక్కడ పడుతుందో పెట్టుకోండి, సగం గందరగోళం అక్కడే పోతుంది.

ఇండియా వైపు చూస్తే, ఉద్యోగం కోసం బయటికి వెళ్లే ఇండియన్ సిటిజన్ ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు ఇక్కడ ఉంటే రెసిడెంట్, అంతకన్నా తక్కువైతే నాన్ రెసిడెంట్. ఏప్రిల్ 1 నుంచి ఇక్కడే ఉన్నవాళ్లకి 182వ రోజు సెప్టెంబర్ 29న వస్తుంది. వెళ్లే రోజు కూడా ఇండియా ఖాతాలోనే వేసుకుని లెక్కపెట్టండి, అంటే సెప్టెంబర్ 28 లోపు ఎమిగ్రేషన్ దాటాలి.

హెచ్1బీ వాళ్లకి ఈ తేదీ మరీ ముఖ్యం. కొత్త హెచ్1బీలు మామూలుగా అక్టోబర్ 1 నుంచి మొదలవుతాయి, పది రోజుల ముందు నుంచే అమెరికాలో దిగొచ్చు. సెప్టెంబర్ 28 లోపు వెళ్లినవాడు ఇండియాకి ఆ ఏడాది మొత్తం నాన్ రెసిడెంట్. పండగ చూసుకుని అక్టోబర్‌లో వెళ్లినవాడు ఏడాది మొత్తం రెసిడెంట్, అంటే మార్చి వరకు అమెరికాలో వచ్చిన జీతం కూడా ఇండియా రిటర్న్‌లో చూపించి, అక్కడ కట్టిన టాక్స్‌కి ఫారం 67తో క్రెడిట్ అడగాలి, అమెరికా ఖాతాల వివరాలూ రాయాలి. వారం రోజుల తేడాకి ఇంత పని. ఇండియాలో సగం ఏడాది రెసిడెంట్, సగం ఏడాది కాదు అనే పద్ధతి లేదు, ఏడాదికి ఒకే స్టేటస్.

ఈ 182 రోజుల సడలింపు ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి. చదువుకోడానికి ఆగస్టులో వెళ్లే స్టూడెంట్ మామూలుగా ఆ ఏడాదికి రెసిడెంట్ కిందే వస్తాడు.

దాచుకోవాల్సినవి:

- పాస్‌పోర్ట్‌లో ఇండియా ఎమిగ్రేషన్ స్టాంప్ పేజీ ఫోటో
- బోర్డింగ్ పాస్
- అమెరికాలో దిగాక ఐ-94 (మీరు దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింట్, ట్రావెల్ హిస్టరీతో సహా

## 2. వెళ్లే ముందు ఖాతాలన్నీ ఒక లిస్టు రాయండి

మన వాళ్లకి ఖాతాలు ఎన్ని ఉన్నాయో మనకే గుర్తుండదు. మొదటి కంపెనీ శాలరీ అకౌంటు, కాలేజీలో ఫీజు కోసం తీసింది, నాన్నగారు మీ పేరు కూడా కలిపి వేసిన ఎఫ్‌డీ, పోస్టాఫీసు పుస్తకం, పీపీఎఫ్, అన్నీ రాయండి. ఆటో స్వీప్ పెట్టుకున్న సేవింగ్స్ ఉంటే దాని వెనక చిన్న చిన్న ఎఫ్‌డీలు విడివిడి నంబర్లతో ఉంటాయి, నెట్ బ్యాంకింగ్‌లో డిపాజిట్స్ పేజీలో కనపడతాయి, అవీ రాయాల్సిందే.

ప్రతి ఖాతా పక్కన మూడు విషయాలు: మొదటి హోల్డర్ ఎవరు, అసలు డబ్బు ఎవరిది, మెచ్యూరిటీ ఎప్పుడు.

ఇక్కడ నా సలహా కాస్త గట్టిగానే చెప్తా. అమ్మానాన్నల డబ్బు మీద మీరు మొదటి హోల్డర్‌గా ఉంటే వెళ్లే ముందే మార్పించండి. టీడీఎస్ (బ్యాంకు వడ్డీలోంచి ముందే కోసే టాక్స్) మొదటి హోల్డర్ పాన్ మీద పడుతుంది, వడ్డీ మీ పేరున కనపడుతుంది, ఆ డబ్బు నాది కాదని రెండు దేశాలకీ చెప్పుకుంటూ తిరగడం మీ వంతవుతుంది. వాళ్ల పేరు ముందు పెట్టి మిమ్మల్ని నామినీగా పెడితే చాలు.

అవసరం లేని ఖాతాలు మూసేయండి. ఒక్కో ఖాతా అంటే ప్రతి ఏటా ఒక్కో స్టేట్‌మెంటు, ఒక్కో లెక్క.

## 3. సేవింగ్స్‌ని ఎన్ఆర్ఓగా మార్చండి, ఎన్ఆర్ఈ తెరవండి

ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) రూల్స్ ప్రకారం ఉద్యోగానికో చదువుకో బయటికి వెళ్లినవాళ్లు మామూలు రెసిడెంట్ ఖాతా అలాగే నడపకూడదు, ఎన్ఆర్ఓగా మార్పించాలి. ఫెమా రోజుల లెక్క చూడదు, ఎందుకు వెళ్తున్నారనేది చూస్తుంది. అందుకే ఇన్‌కమ్ టాక్స్‌కి ఇంకా రెసిడెంట్‌గా ఉన్నా బ్యాంకుకి మాత్రం ఎన్ఆర్ఐ అవ్వొచ్చు, దీనికి కంగారు పడక్కర్లేదు.

టాక్స్ పరంగా మూడింటి తేడా:

- ఎన్ఆర్ఓ: ఇండియాలో ఉన్న డబ్బు, అద్దెలు, పాత ఎఫ్‌డీలు. ఇండియాలో వడ్డీకి టాక్స్ ఉంది.
- ఎన్ఆర్ఈ: బయట సంపాదించి పంపిన డబ్బు, రూపాయల్లో. ఇండియాలో వడ్డీకి టాక్స్ లేదు. ఎఫ్‌డీ కనీసం ఏడాదికి వెయ్యాలి, ఏడాది లోపే తీస్తే వడ్డీ సున్నా.
- ఎఫ్‌సీఎన్ఆర్: డాలర్ల లాంటి విదేశీ కరెన్సీలో ఉండే డిపాజిట్. ఇండియాలో వడ్డీకి టాక్స్ లేదు.

అమెరికా ఈ మూడింటినీ ఒకే కంటితో చూస్తుంది. మూడింటి వడ్డీకీ టాక్స్ ఉంది. పీపీఎఫ్ వడ్డీ కూడా అంతే.

బ్రాంచికి తీసుకెళ్లాల్సినవి:

- పాస్‌పోర్ట్, వీసా కాపీలు, పాన్, ఫోటోలు
- అమెరికా అడ్రస్ ప్రూఫ్, లేకపోతే ఏది ఒప్పుకుంటారో ముందే కనుక్కోండి
- ఎఫ్ఎటీసీఏ డిక్లరేషన్ (అమెరికా టాక్స్ వివరాలు బ్యాంకుకి చెప్పే పత్రం), సోషల్ సెక్యూరిటీ నంబర్ వచ్చాక అది కూడా ఇవ్వాలి
- ఇండియాలో ఎవరైనా ఖాతా చూసుకోవాలంటే మాండేట్ లెటర్

ఇండియా సిమ్‌ని రోమింగ్ పెట్టుకుని బతికించుకోండి. టాక్స్ కన్నా ముందు మిమ్మల్ని ఏడిపించేది ఓటీపీనే, ఐటీ రిటర్న్ ఈ-వెరిఫై చెయ్యాలన్నా ఆధార్‌కి ఉన్న నంబరుకే వస్తుంది.

## 4. ఇండియాలో ఎంత కోస్తారు, ఎంత వెనక్కి వస్తుంది

రెసిడెంట్‌గా ఉన్నప్పుడు ఒక బ్యాంకులో ఏడాదికి 50 వేలు దాటిన ఎఫ్‌డీ వడ్డీకే 10 శాతం టీడీఎస్, సేవింగ్స్ వడ్డీకి టీడీఎస్ లేదు. ఎన్ఆర్ఓ అవ్వగానే ఈ లిమిట్ ఎగిరిపోతుంది. మొదటి రూపాయి నుంచే 30 శాతం, దాని మీద 4 శాతం సెస్, కలిపి 31.2 శాతం, సేవింగ్స్ వడ్డీకి కూడా. 15జీ ఫారం ఇచ్చి ఆపుదామంటే కుదరదు, అది రెసిడెంట్లకి మాత్రమే.

కానీ ఇది కోత మాత్రమే, మీ అసలు టాక్స్ కాదు. కొత్త రెజీమ్‌లో 4 లక్షల వరకు టాక్స్ లేని శ్లాబ్ ఎన్ఆర్ఐలకీ ఉంది. రెసిడెంట్లకి 12 లక్షల వరకు టాక్స్ సున్నా చేసే రిబేటు మాత్రం ఎన్ఆర్ఐలకి లేదు, చాలామంది అక్కడ బోల్తా పడతారు.

10 లక్షల ఎన్ఆర్ఓ ఎఫ్‌డీ, 7 శాతం అనుకుందాం. వడ్డీ 70,000. బ్యాంకు కోసేది 21,840. ఇండియాలో వేరే ఆదాయం ఏమీ లేకపోతే ఐటీఆర్-2 వేస్తే మొత్తం 21,840 వెనక్కి వస్తుంది. ఐటీఆర్-1 వెయ్యకండి, ఎన్ఆర్ఐలకి అది కాదు.

జీతమో అద్దెలో ఉండి పై శ్లాబుల్లో ఉన్నవాళ్లకి డీటీఏఏ (ఒకే ఆదాయానికి రెండు దేశాల్లో టాక్స్ పడకుండా చేసుకున్న ఒప్పందం) పనికొస్తుంది. ఇండియా, అమెరికా ఒప్పందం ప్రకారం మామూలు వ్యక్తుల వడ్డీ మీద ఇండియా 15 శాతం మించి తీసుకోకూడదు, దాని మీద సెస్ కూడా పడదు. దీనికి అమెరికా నుంచి టాక్స్ రెసిడెన్సీ సర్టిఫికెట్ కావాలి. ఐఆర్ఎస్‌కి, అంటే అమెరికా టాక్స్ శాఖకి, ఫారం 8802 పెట్టి, 85 డాలర్ల ఫీజు కడితే ఫారం 6166 ఇస్తారు. దాంతోపాటు ఇండియా పోర్టల్‌లో ఫారం 10ఎఫ్ కూడా వెయ్యాలి. మొదటి ఏడాదే ఇది చేతికొస్తుందని ఆశ పెట్టుకోకండి, అమెరికాలో రెసిడెంట్‌గా ఒక రిటర్న్ వేశాక సులువవుతుంది. వచ్చాక ప్రతి ఏడాదీ బ్యాంకుకి ముందే ఇస్తే కోతే 15కి తగ్గుతుంది.

ఇంకోటి, ఐటీ పోర్టల్ ప్రొఫైల్‌లో నాన్ రెసిడెంట్ అని మార్చుకోండి. ఆధార్ లింక్ లేదని పాన్ పనిచెయ్యకుండా పోతే టీడీఎస్ ఇంకా ఎక్కువ కోస్తారు, రిఫండూ ఆగిపోతుంది. రిఫండ్ పడాల్సిన ఎన్ఆర్ఓ ఖాతాని కూడా అక్కడే ముందుగా వాలిడేట్ చేసి పెట్టుకోండి.

## 5. అమెరికాకి మీరు ఎప్పటి నుంచి రెసిడెంట్?

టాక్స్‌కి రెసిడెంట్ అవ్వాలంటే గ్రీన్ కార్డు ఉండక్కర్లేదు. హెచ్1బీ, ఎల్1, హెచ్4 వాళ్లకి రోజుల లెక్క: ఈ ఏడాది రోజులన్నీ, పోయిన ఏడాది రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాదివి ఆరో వంతు, కలిపి 183 రావాలి, ఈ ఏడాది కనీసం 31 ఉండాలి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి దీని అర్థం ఇది. జులై 2 లోపు దిగి ఏడాది చివరి దాకా అక్కడే ఉంటే దిగిన రోజు నుంచి రెసిడెంట్, ఆ తర్వాత వచ్చిన ఇండియా వడ్డీ చూపించాలి, అంతకుముందుది అక్కర్లేదు. జులై 2 తర్వాత దిగితే ఆ కేలండర్ ఏడాదికి నాన్ రెసిడెంట్, 1040-ఎన్ఆర్ వేస్తారు, అందులో ఇండియా బ్యాంకు వడ్డీ ఊసే రాదు. వచ్చే జనవరి 1 నుంచి మొత్తం లెక్కలోకి వస్తుంది.

ఎఫ్1 స్టూడెంట్లకి మొదటి ఐదు కేలండర్ ఏళ్ల రోజులు లెక్కలోకి రావు, ఓపీటీలో (ఎఫ్1 మీదే ఉద్యోగం చేసుకునే అనుమతి) ఉన్నా సరే. ఆ రోజులు లెక్కలోకి రావని చెప్పడానికి ప్రతి ఏటా ఫారం 8843 పంపాలి. వాళ్లకి అమెరికా బ్యాంకు ఇచ్చే వడ్డీకి కూడా అమెరికాలో టాక్స్ ఉండదు, కాకపోతే బ్యాంకుకి డబ్ల్యూ-8బెన్ (నాన్ రెసిడెంట్ అని చెప్పే ఫారం) ఇచ్చి ఉండాలి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. మొదటి ఏడాది పెళ్లయినవాళ్లు జాయింట్‌గా వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ పెద్దది వస్తుంది, రిఫండ్ బావుంటుంది అని ఎవరో చెప్తారు. నిజమే, కానీ దానికి ఇద్దరూ ఏడాది మొత్తం రెసిడెంట్‌గా ఎంచుకోవాలి. అప్పుడు జనవరి నుంచి ఇండియాలో వచ్చిన మీ జీతం, మీ ఆవిడ పేరున ఉన్న ఎఫ్‌డీ వడ్డీ, అన్నీ అమెరికా రిటర్న్‌లోకి వస్తాయి. లాభమా నష్టమా అనేది రెండు రకాలుగా లెక్క వేయించి చూస్తేనే తెలుస్తుంది. మామూలు టాక్స్ సాఫ్ట్‌వేర్లు చాలావాటికి డ్యూయల్ స్టేటస్ (ఏడాదిలో కొంత నాన్ రెసిడెంట్, కొంత రెసిడెంట్) రిటర్న్ చేతకాదు కాబట్టి ఆ ఒక్క ఏడాదికైనా ఇది తెలిసిన సీపీఏకి (అమెరికా అకౌంటెంట్) డబ్బులివ్వండి.

## 6. జనవరి నుంచి డిసెంబర్ వడ్డీ తీసే పద్ధతి

బ్యాంకు ఇచ్చే ఇంట్రెస్ట్ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఉంటుంది. దాన్నే అమెరికా రిటర్న్‌లో దించేస్తే తప్పు. ఇలా చెయ్యండి:

1. జనవరి మొదటి వారంలో ప్రతి ఖాతాకీ జనవరి 1 నుంచి డిసెంబర్ 31 స్టేట్‌మెంటు దించండి. ఎక్సెల్ దొరికితే పీడీఎఫ్ వద్దు.
2. సేవింగ్స్‌లో వడ్డీ జమ ఎంట్రీలు ఏరండి. చాలా బ్యాంకులు మూడు నెలలకోసారి వేస్తాయి, మార్చి, జూన్, సెప్టెంబర్, డిసెంబర్ చివర్లో చూడండి.
3. ఎఫ్‌డీకి విడిగా డిపాజిట్ స్టేట్‌మెంటు తియ్యండి. క్యుములేటివ్ ఎఫ్‌డీలో డబ్బు చేతికి రాకపోయినా ఏ ఏడాది వడ్డీ ఆ ఏడాది చూపించాలి. "మెచ్యూరిటీకి కదా వచ్చేది" అని ఐదేళ్ల వడ్డీ ఒకేసారి రాయడం కుదరదు.
4. కోతకి ముందున్న వడ్డీ రాయండి. ఖాతాలో పడింది 48,160 అయితే అసలు వడ్డీ 70,000, కోసింది 21,840. రెండు కాలమ్స్ వేరువేరుగా.
5. డాలర్లలోకి మార్చడానికి ఐఆర్ఎస్ ఇచ్చే ఆ ఏడాది సగటు రేటు వాడొచ్చు. ఏది వాడినా ప్రతి ఏడాదీ అదే పద్ధతి పాటించండి.

ఈ మొత్తం అమెరికా రిటర్న్‌లో వడ్డీ రాసే షెడ్యూల్ బీలో వెళ్తుంది. వడ్డీ 1,500 డాలర్లు దాటకపోయినా ఇండియాలో ఖాతా ఉంది కాబట్టి షెడ్యూల్ బీ చివర్లో విదేశీ ఖాతా ఉందా అన్న ప్రశ్నకి అవును అని పెట్టాలి. అక్కడ కాదు అని టిక్ పెట్టడం చిన్న పొరపాటు కింద వదిలెయ్యరు, అది మీరు సంతకం పెట్టి చెప్పిన మాట.

## 7. ఒకే వడ్డీకి రెండుసార్లు కట్టకుండా

అమెరికాలో మీరు 22 శాతం శ్లాబులో ఉన్నారనుకోండి. అవే 70,000, రూపాయల్లోనే చూద్దాం.

ఎన్ఆర్ఈ అయితే ఇండియాలో సున్నా, అమెరికాలో 15,400. ఇండియాలో ఏమీ కట్టలేదు కాబట్టి క్రెడిట్ కూడా లేదు.

ఎన్ఆర్ఓ అయి ఇండియాలో చివరికి తేలిన టాక్స్ 15 శాతం అయితే అక్కడ 10,500. అమెరికాలో లెక్క 15,400, విదేశీ టాక్స్‌ని తగ్గించుకునే ఫారం 1116లో 10,500 క్రెడిట్ తీసుకుంటే ఇంకా కట్టాల్సింది 4,900. మొత్తం మీద అదే 15,400.

ఎక్కువమంది చేసే తప్పు, బ్యాంకు కోసిన 21,840 మొత్తాన్నీ 1116లో వేసేయడం. ఒప్పందం ప్రకారం ఇండియా తీసుకోదగ్గది 15 శాతమే, పైన కోసింది మీరు ఇండియాలో రిటర్న్ వేసి తెచ్చుకోవాల్సిన డబ్బు, దానికి అమెరికా క్రెడిట్ ఇవ్వదు. రిఫండ్ వచ్చే డబ్బుకి కూడా అంతే.

వరస కూడా ముఖ్యమే. అమెరికా గడువు ఏప్రిల్ 15, ఇండియాది మామూలుగా జులై 31. ఎన్ఆర్ఓ వడ్డీ గట్టిగా ఉన్నవాళ్లు ఏప్రిల్‌లో ఫారం 4868తో అక్టోబర్ 15 వరకు ఎక్స్‌టెన్షన్ తీసుకుని, ఇండియా రిటర్న్ ముందు వేసి, అసలు టాక్స్ ఎంతో తేలాక అమెరికాది వెయ్యడం మంచిది. ఎక్స్‌టెన్షన్ రిటర్న్‌కే, డబ్బు కట్టడానికి కాదు, అంచనా వేసి ఏప్రిల్‌లోనే కట్టేయాలి.

స్టేట్ టాక్స్ మర్చిపోకండి. డల్లాస్‌లోనో సియాటిల్‌లోనో ఉంటే జీతానికీ వడ్డీకీ స్టేట్ టాక్స్ లేదు. కాలిఫోర్నియాలో మాత్రం ఇండియాలో కట్టిన టాక్స్‌కి క్రెడిట్ ఇవ్వరు, అక్కడ నిజంగానే రెండుసార్లు పడుతుంది.

## 8. ఎఫ్‌బార్, 8938: టాక్స్ కాదు, కానీ వదలకూడదు

ఏడాదిలో ఏ ఒక్క రోజైనా మీ విదేశీ ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు) వెయ్యాలి. డాలర్ 90 రూపాయలనుకుంటే 9 లక్షలు. నాన్నగారి 8 లక్షల ఎఫ్‌డీలో రెండో పేరు మీది, మీ ఎన్ఆర్ఈలో 2 లక్షలు, అయిపోయింది, దాటేశారు. ఆ ఎఫ్‌డీ వడ్డీ మీ ఆదాయం కాకపోయినా ఖాతా మాత్రం ఎఫ్‌బార్‌లో ఉండాలి.

- ప్రతి ఎఫ్‌డీ నంబరూ విడిగా
- ప్రతి ఖాతాలో ఆ ఏడాది అత్యధిక బ్యాలెన్సు
- డిసెంబర్ 31 నాటి ట్రెజరీ రేటుతో డాలర్లలోకి
- రిటర్న్‌తో కాదు, అమెరికా ట్రెజరీ విభాగం ఫిన్‌సెన్ సైటులో ఆన్‌లైన్‌గా
- గడువు ఏప్రిల్ 15, అడక్కుండానే అక్టోబర్ 15 వరకు టైముంది

విదేశీ ఆస్తులు చూపించే ఫారం 8938 వేరే, అది రిటర్న్‌తో పాటే వెళ్తుంది. అమెరికాలో ఉండే సింగిల్‌కి ఏడాది చివర్లో 50,000 డాలర్లు లేదా మధ్యలో ఎప్పుడైనా 75,000 దాటితే, జాయింట్ అయితే లక్ష, లక్షన్నర.

ఎవరికి తెలుస్తుందిలే అనుకోకండి. 2015లో రెండు దేశాలూ సంతకాలు పెట్టిన ఒప్పందం ప్రకారం ఇండియా బ్యాంకులు ఈ వివరాలు పంపుతున్నాయి.

## 9. ఇప్పటికే తప్పు జరిగిపోతే

రెసిడెంట్ సేవింగ్స్ ఏళ్ల తరబడి అలాగే నడిపారు: వెంటనే ఎన్ఆర్ఓ చేయించండి. 10 శాతం కోతతో సరిపెట్టుకున్న ఏళ్లకి ఇండియా రిటర్న్‌లో నాన్ రెసిడెంట్‌గా సరైన టాక్స్ కట్టారో లేదో ఐటీ పోర్టల్‌లో మీ ఆదాయం, టీడీఎస్ చూపించే ఏఐఎస్, 26ఏఎస్ దించి సరిచూడండి.

టీడీఎస్ మొత్తం క్రెడిట్ తీసుకున్నారు, తర్వాత ఇండియా రిఫండ్ పడింది: ఆ ఏడాదికి 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వేసి తేడా కట్టండి.

ఎన్ఆర్ఈ వడ్డీ చూపించలేదు: ఒకటి రెండేళ్లయితే రిటర్న్ అమెండ్ చెయ్యడం ఒక దారి. ఎక్కువ ఏళ్లయి, ఎఫ్‌బార్‌లు కూడా లేకపోతే, కావాలని దాచింది కాదని చెప్పగలిగినవాళ్లకి ఐఆర్ఎస్ స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. ఏ దారి అనేది సీపీఏతో మాట్లాడకుండా ఎంచుకోకండి, ఐఆర్ఎస్ నుంచి నోటీసు వచ్చాక చాలా తలుపులు మూసుకుపోతాయి.

వడ్డీ అంతా చూపించారు, టాక్స్ కట్టారు, ఎఫ్‌బార్ ఒక్కటే మర్చిపోయారు: ఆలస్యంగా అయినా వేసేయండి, అదే ఫారంలో ఆలస్యానికి కారణం రాసే చోటు ఉంటుంది. పాత స్టేట్‌మెంట్లు బ్యాంకు యాప్‌లో దొరక్కపోతే హోమ్ బ్రాంచికి మెయిల్ పెట్టి ఖాతా నంబర్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కావాలో రాయండి, చార్జి తీసుకుని ఇస్తారు.